ప్రాణాలు నిలిపిన ఇరుగుపొరుగు: పేద దేశాల్లో హెచ్‌ఐవీ సేవకు నాలుగు దశాబ్దాలు

హెచ్‌ఐవీ చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా 1981 జూన్‌లో, లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు వచ్చిన అరుదైన న్యుమోనియాతో మొదలుపెడతారు. అక్కణ్నుంచి 1983లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాంస్వాజ్ బారే సినూసి, లుక్ మాంటనియే బృందం వైరస్‌ను పట్టుకున్న ఘట్టానికి వస్తారు. వైద్య విజ్ఞానం నడిచిన దారి అదే. ఆ వైరస్ ఎక్కువ ప్రాణాలు తీసింది మాత్రం ఆ రెండు నగరాలకూ దూరంగా, ప్రధానంగా ఆఫ్రికాలో, ఆ తర్వాత ఆసియాలో, కరీబియన్ దీవుల్లో. ఇంతవరకూ ప్రపంచంలో ఎయిడ్స్‌తో పోయినవాళ్లు నాలుగు కోట్ల పైమాటే. ఆ దేశాల్లో రోగి చెయ్యి ముందుగా పట్టుకున్నవాళ్లెవరని వెతికితే భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లు, మిషన్ ఆస్పత్రుల నర్సులు, రెడ్‌లైట్ వీధుల స్త్రీలు, సర్కారు ఉద్యోగం వదిలి వచ్చిన డాక్టర్లు కనిపిస్తారు. మందు లేని రోజుల్లో మంచం పక్కన కూర్చున్నవాళ్లే, మందు పుట్టాక దాని ధర మీద పోరాడారు. ధర దిగాక ఆ మందును ఇంటింటికీ మోసుకుపోయారు. వేల కోట్ల డాలర్ల నిధులు వచ్చి చేరింది వాళ్లు వేసిన బాటలోకే.

1980ల తొలినాళ్లలో ఉగాండాలోని రకాయి జిల్లాలో, విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కసెన్సెరో చేపలరేవు చుట్టుపక్కల, మనుషులు ఎండిపోయి చనిపోవడం మొదలైంది. జనం ఆ జబ్బును ‘స్లిమ్’ అని పిలిచారు. సరిహద్దు అవతలి టాంజానియా వ్యాపారుల చేతబడి అని కొందరు నమ్మారు. అంతర్యుద్ధంలో చితికిపోయిన ఆ దేశంలో ఆస్పత్రులకు చేతనైనది దాదాపు ఏమీ లేదు. అలాంటి సమయంలో, 1987 జనవరిలో, కంపాలాలోని ములాగో ఆస్పత్రి ఫిజియోథెరపిస్టు నోరీన్ కలీబా భర్త క్రిస్టఫర్ ఎయిడ్స్‌తో కన్నుమూశారు. ఆయన జబ్బుతో ఉన్నన్నాళ్లూ సొంత ఆస్పత్రిలోనే మనుషులు ఎంత దూరం జరిగారో ఆమె కళ్లారా చూశారు. అదే ఏడాది మరో పదిహేను మందితో కలిసి ‘టాసో’ అనే సంస్థ పెట్టారు. ఆ పదహారు మందిలో చాలామందికి అప్పటికే వైరస్ సోకి ఉంది, కొన్నేళ్లలోనే ఎక్కువమంది వెళ్లిపోయారు. వాళ్ల దగ్గర మందు లేదు. ఇంటికి వెళ్లి పలకరించడం, పుళ్లు కడగడం, పిల్లల చదువు సంగతి చూడడం, రోగం ఉన్నా బతుకు ఉందని చెప్పడం, ఇదీ వాళ్ల పని. దానికి వాళ్లు తెచ్చిన కొత్త మర్యాద ఒకటుంది. టాసోలో రోగి చేయి చాచే దీనుడిగా ఉండడు, పనిలో భాగస్వామిగా ఉంటాడు. తర్వాతి ముప్ఫై ఏళ్లలో ప్రపంచమంతటా విస్తరించిన ‘పాజిటివ్’ల సంఘాలకు ఈ మర్యాదే పునాది. 1989లో ఉగాండా గాయకుడు ఫిల్లీ లుటాయా తనకు ఎయిడ్స్ ఉందని బహిరంగంగా ప్రకటించి, బడులకూ చర్చిలకూ తిరిగి మాట్లాడి, ఆ డిసెంబరులోనే మరణించాడు. పేరున్న మనిషి ముఖం చూపించి చెప్పడం ఆఫ్రికా ఖండంలో అప్పటికి పెద్ద సాహసం.

అదే 1987లో జాంబియా దక్షిణ ప్రాంతంలోని చికన్‌కాటాలో సాల్వేషన్ ఆర్మీ ఆస్పత్రి మరో దారి తొక్కింది. మంచాలు చాలవని తెలిశాక, ఆస్పత్రినే ఊళ్లకు పంపడం మొదలుపెట్టారు. నర్సు, కౌన్సెలర్ కలిసి రోగి ఇంటికి వెళ్లేవాళ్లు. ఇంటివాళ్లకు సేవ చెయ్యడం నేర్పేవాళ్లు. వాళ్లు వచ్చారన్న సంగతి తెలిసి ఊరంతా పోగయితే, ఊరి పెద్దలతోనే నివారణ గురించి మాట్లాడేవాళ్లు. చికిత్స, నివారణ రెండు వేరువేరు పథకాలని అంతర్జాతీయ సంస్థలు ఎన్నో ఏళ్లు వాదించుకున్నాయి గానీ, ఒకే ఇంటి గుమ్మంలో రెండూ జరుగుతాయని చికన్‌కాటా నర్సులకు అప్పుడే అర్థమైంది.

మన దేశంలో తొలి ఆనవాలు 1986లో మద్రాసులో దొరికింది. మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ ప్రొఫెసర్ సునీతి సోలమన్, తన విద్యార్థిని సెల్లప్పన్ నిర్మలకు హెచ్‌ఐవీ ఉందేమో చూసే పరీక్ష అప్పగించారు. భారతీయులకు ఈ జబ్బు రాదని పెద్దలు గట్టిగా నమ్మిన రోజులవి. నిర్మల సెక్స్ వర్కర్ల రక్తనమూనాలు సేకరించి, ఇంట్లో ఫ్రిజ్‌లో దాచి, రైల్లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి తీసుకెళ్లి పరీక్షించారు. ఆరుగురికి వైరస్ ఉందని తేలింది. ఫలితం వెలువడ్డాక దేశం రెండుగా చీలింది: భయపడి ఆ స్త్రీలను బంధించాలన్నవాళ్లు కొందరు, వాళ్లతో కూర్చుని మాట్లాడాలన్నవాళ్లు కొందరు. సునీతి రెండో పక్షం. 1993లో ఆమె చెన్నైలో వైఆర్‌జీ కేర్ అనే సంస్థ స్థాపించారు. ఏ ఆస్పత్రీ చేర్చుకోని రోగులు అక్కడికి వచ్చారు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. 2015లో ఆమె చనిపోయేనాటికి దేశంలో హెచ్‌ఐవీ వైద్యం నేర్చుకున్న ఎందరో ఆమె దగ్గర ఓనమాలు దిద్దినవాళ్లే.

కలకత్తా సోనాగచ్చిలో 1992లో జరిగినదాన్ని నేను ఈ మొత్తం చరిత్రలో ఒక ముఖ్యమైన మలుపుగా చూస్తాను. అక్కడికి సర్వే చెయ్యడానికి వెళ్లిన డాక్టర్ స్మరజిత్ జానా, ఆ వీధి స్త్రీలకు ఉపన్యాసాలు ఇవ్వడం వృథా అని త్వరగానే గ్రహించారు. కండోమ్ సంగతి వాళ్లకు తెలుసు. కండోమ్ వద్దన్న విటుణ్ని వెనక్కి పంపే స్తోమత లేదు, అంతే. రోజువారీ వడ్డీలు పిండుకునేవాళ్లు ఒకపక్క, పోలీసులు, గూండాలు, ఇంటి యజమానురాళ్లు మరోపక్క. అందుకని ఆ స్త్రీలనే, తోటివాళ్లకు నేర్పే పీర్ ఎడ్యుకేటర్లుగా తీసుకుని, జీతం ఇచ్చి, పగటిపూట ఇంటింటికీ పంపారు. 1995లో వాళ్లు ‘దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ’గా సంఘం కట్టారు. అదే ఏడు ‘ఉషా’ సహకార సంఘం పెట్టుకుని తమ పొదుపు తామే చూసుకున్నారు. గృహిణులమని రాసుకుంటే రిజిస్ట్రేషన్ సులువవుతుందని అధికారులు సూచిస్తే, చేసే పని పేరుతోనే నమోదు కావాలని పట్టుబట్టి సాధించుకున్నారు. వడ్డీ భారం తగ్గినచోట బేరమాడే బలం పెరిగింది. ముంబై రెడ్‌లైట్ ఏరియాల్లో వైరస్ సగం మందికి పాకిన కాలంలో సోనాగచ్చిలో అది అంతకన్నా ఎంతో తక్కువ స్థాయిలో నిలిచిపోయింది. జానా 2021లో కోవిడ్‌తో మరణించారు.

థాయిలాండ్‌లో మేచాయ్ వీరవైద్య చేసిన పని వేరే తీరు. కుటుంబ నియంత్రణ కోసం కండోమ్‌ను బజారులో నవ్వుతూ మాట్లాడుకునే వస్తువుగా మార్చిన ఆయన, 1991లో ప్రభుత్వంలో చేరి టీవీ, రేడియోల్లో ఎయిడ్స్ ప్రచారాన్ని హోరెత్తించారు. వ్యభిచార గృహాల్లో నూరు శాతం కండోమ్ వాడకమనే నియమం రత్చబురిలో పుట్టి దేశమంతటికీ పాకింది. బ్రెజిల్‌లో రక్తమార్పిడి వల్ల ఎయిడ్స్ బారినపడిన సామాజికవేత్త బెటిన్యో వంటివారి ఉద్యమాల ఒత్తిడితో 1996లో మందులు అందరికీ ఉచితంగా ఇవ్వాలన్న చట్టం వచ్చింది. ఒక వర్ధమాన దేశం అంతటి మాట ఇవ్వడం అదే మొదలు.

ఆ 1996లోనే వాంకూవర్ సదస్సులో మూడు మందుల కలయిక వైరస్‌ను అణచివేస్తుందన్న వార్త వెలువడింది. అమెరికా, యూరప్‌లలో మృత్యుశయ్య మీద ఉన్నవాళ్లు లేచి ఉద్యోగాలకు వెళ్లసాగారు. ఆ మందుల ఖర్చు మనిషికి ఏడాదికి 10,000 డాలర్ల పైన. మందు ఉత్తరాన, రోగులు దక్షిణాన ఉన్న ఈ ఏళ్లు మానవజాతి సిగ్గుపడాల్సినవి. పేదలకు ఈ చికిత్స పనికిరాదని, ఖర్చు దండగని, వేళకు మాత్రలు వేసుకోలేరని నిపుణులే రాశారు. చాలామంది ఆఫ్రికన్లకు గడియారపు వేళలు తెలియవని 2001లో అమెరికా సహాయ సంస్థ అధిపతి బాహాటంగా అన్నారు. దీనికి జవాబు అప్పటికే హైతీ కొండల్లోని కాంజ్ అనే పల్లెలో తయారవుతోంది. అమెరికా డాక్టర్ పాల్ ఫార్మర్ అక్కడ హైతీ సహచరులతో నడుపుతున్న జాన్మీ లాసాంతే ఆస్పత్రి 1998లో ఈ మందులు ఇవ్వడం ప్రారంభించింది. ప్రతి రోగికీ పొరుగింటి మనిషి ఒకరిని తోడు పెట్టింది. ఆ తోడు మనిషి రోజూ వచ్చి మాత్ర మింగించి, ఇంట్లో గింజలున్నాయో లేదో చూసి వెళ్లేవారు. ఆ పనికి జీతం ఉండేది. 2006లో పరిశోధకులు లెక్కలన్నీ కలిపి చూస్తే మందులు క్రమం తప్పక వేసుకున్నవాళ్లు ఆఫ్రికాలో 77 శాతం, ఉత్తర అమెరికాలో 55 శాతం. ఆ అంకెలు వచ్చేలోగా వాదనల మధ్య పోయిన ప్రాణాలను మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు.

దక్షిణాఫ్రికాలో పోరాటం వీధికెక్కింది. 1998 డిసెంబరులో జాకీ అహ్మత్, ఆయన మిత్రులు ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ ప్రారంభించారు. ఆ నెలలోనే డర్బన్ దగ్గర గుగు ద్లామినీ అనే మహిళ, తనకు హెచ్‌ఐవీ ఉందని బయటికి చెప్పినందుకు ఇరుగుపొరుగు దాడిలో చనిపోయింది. ఆ తర్వాత ఈ ఉద్యమకారులు వైరస్ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కూడా ‘హెచ్‌ఐవీ పాజిటివ్’ అని అచ్చువేసిన చొక్కాలు తొడుక్కుని నడిచారు. మామూలు జనానికి మందు దక్కేదాకా తాను మందు ముట్టనని అహ్మత్ శపథం పట్టారు. 2000 జూలైలో డర్బన్ అంతర్జాతీయ సదస్సులో పదకొండేళ్ల న్‌కోసీ జాన్సన్ వేదికెక్కి, పుట్టుకతోనే వైరస్ సోకిన తనలాంటి పిల్లల కోసం మాట్లాడాడు. మరుసటి ఏడు జూన్ 1న చనిపోయాడు. చౌక మందులకు వీలుకల్పించే చట్టాన్ని సవాలు చేసిన 39 మందుల కంపెనీలు, ప్రపంచమంతా వేలెత్తి చూపడంతో 2001 ఏప్రిల్‌లో కేసు వెనక్కి తీసుకున్నాయి. మరుసటి నెలే కేప్‌టౌన్ శివారు ఖయెలిట్షాలో ఎంఎస్ఎఫ్ (హద్దుల్లేని వైద్యుల సంస్థ) డాక్టర్లు మందులివ్వడం మొదలుపెట్టారు. ఎయిడ్స్‌కు వైరస్సే కారణమా అని అధ్యక్షుడు ఎంబెకీ సందేహిస్తూ కూర్చున్న రోజుల్లో, తల్లి నుంచి బిడ్డకు సోకకుండా నెవిరపిన్ ఇవ్వాల్సిందేనని 2002 జూలైలో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. ఆ డిసెంబరులో నెల్సన్ మండేలా ఖయెలిట్షాకు వచ్చి ఆ చొక్కాయే తొడుక్కున్నారు. దానంగా అడిగిన మందు చట్టం ముందు హక్కుగా నిలబడింది అక్కడే.

ధర ఎలా దిగిందో చెప్పకపోతే ఈ చరిత్ర సగమే. అందులో హైదరాబాద్‌కు గట్టి వాటా ఉంది. 1970 నాటి భారత పేటెంట్ చట్టం మందు తయారుచేసే పద్ధతికే గానీ మందుకు పేటెంట్ ఇవ్వలేదు. వేరే దారిలో అదే మందు తయారుచేసే స్వేచ్ఛ మన రసాయన శాస్త్రవేత్తలకు అలా దక్కింది. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో గుంటూరు బిడ్డ ఏవీ రామారావు బృందం తొలి హెచ్‌ఐవీ మందు ఏజెడ్‌టీని తక్కువ ఖర్చుతో తయారుచేసే విధానం కనిపెట్టింది. దాన్ని సిప్లా 1990ల తొలి ఏళ్లలో మార్కెట్లోకి తెచ్చింది. అప్పట్లో కొనేవాళ్లు లేరు, ప్రభుత్వానికి ఆసక్తి లేదు. అయినా ఆ నేర్పు ఊరికే పోలేదు. 2001 ఫిబ్రవరిలో సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ మూడు మందుల కోర్సును ఎంఎస్ఎఫ్‌కు ఏడాదికి 350 డాలర్లకే, అంటే రోజుకు డాలరుకన్నా తక్కువకే ఇస్తానని ప్రకటించారు. పాశ్చాత్య దేశాల్లో మూడు మందుల పేటెంట్లు మూడు కంపెనీల చేతుల్లో ఉండడంతో ఒకే మాత్రగా కలపడం కుదరలేదు. మన దగ్గర ఆ అడ్డు లేదు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకునే చిన్న మాత్ర మలావీ పల్లెకు చేరిందంటే కారణం అదే. 2003 అక్టోబరులో క్లింటన్ ఫౌండేషన్ కుదిర్చిన ఒప్పందంలో హైదరాబాద్ మాట్రిక్స్ లేబొరేటరీస్ కూడా ఉంది. ధర 140 డాలర్లకు దిగింది. హెటెరో, అరబిందో వంటి హైదరాబాద్ కంపెనీలు తర్వాతి ఏళ్లలో ఆఫ్రికా మందుల పెట్టెకు పెద్దదిక్కయ్యాయి. వ్యాపారమే అయినా, ఈ వ్యాపారం లేకుండా ఆ సేవ నిలిచేది కాదని చెప్పడానికి నేను సందేహించను.

డబ్బు ఆ తర్వాత వరదలా వచ్చింది. 2002 జనవరిలో గ్లోబల్ ఫండ్ పుట్టింది. 2003 జనవరిలో అమెరికా అధ్యక్షుడు బుష్, ఏడాది మందుల ఖర్చు 12,000 డాలర్ల నుంచి 300 లోపుకు దిగిందని గుర్తుచేస్తూ, అయిదేళ్లకు 1,500 కోట్ల డాలర్ల పెప్‌ఫర్ పథకం ప్రకటించారు. ఒకే జబ్బు మీద ఒక దేశం అంత పెద్ద మొత్తం పెట్టడం అంతకుముందు లేదు. దాతల షరతులు కొన్ని నష్టం చేశాయి కూడా. నివారణ నిధుల్లో మూడోవంతు పెళ్లిదాకా ఆగమనే బోధలకే ఖర్చుపెట్టాలన్నారు. వ్యభిచారాన్ని ఖండిస్తూ ప్రతిజ్ఞ రాసివ్వాలన్నారు. సోనాగచ్చి నేర్పిన పాఠానికి ఇది పూర్తి విరుద్ధం. 2005లో బ్రెజిల్ ఆ ప్రతిజ్ఞ చెయ్యబోనని నాలుగు కోట్ల డాలర్లు వద్దనుకుంది.

తెలుగు నేల ఈ దశలో దేశంలోనే ఎక్కువ మంది బాధితులున్న రాష్ట్రం. దానికి కారణాలు జాతీయ రహదారులు, ఓడరేవులు, వలసలు, అన్నిటినీ మించి మాట్లాడుకోవడానికి సిగ్గు. ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని అడిగిన హోర్డింగులు ఆ సిగ్గును కాస్త పగలగొట్టాయి. బస్టాండుల్లో, టీ కొట్ల దగ్గర జనం ఆ ప్రశ్న గురించి మాట్లాడుకున్నారు. 2003లో గేట్స్ ఫౌండేషన్ మొదలుపెట్టిన ‘అవాహన్’ ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నూ చేర్చుకుని, సెక్స్ వర్కర్ల, లారీ డ్రైవర్ల మధ్యకు వెళ్లింది. విజయవాడలో నాస్తికవాది గోరా కుమార్తె చెన్నుపాటి విద్య 1969లో నెలకొల్పిన వాసవ్య మహిళా మండలి, బాధిత కుటుంబాల ఇళ్లకు వెళ్లి సేవ చేసింది. అనంతపురం జిల్లా బత్తలపల్లిలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్‌డీటీ ఆస్పత్రి, కరువు సీమలో హెచ్‌ఐవీ, క్షయ రెండూ ఉన్న పేదలకు నీడనిచ్చింది. అక్కడి రోగుల వివరాల మీద జరిగిన అధ్యయనాలు గ్రామీణ భారతంలో ఈ జబ్బు నడక ఎలా ఉంటుందో వైద్యలోకానికి తెలిపాయి. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం వైరస్‌ను అణచే ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇవ్వసాగింది. అవాహన్ తన పనిని 2009 నుంచి దశలవారీగా ప్రభుత్వానికి అప్పగించింది. విదేశీ దాత వెళ్లిపోయాక కూడా క్లినిక్ తెరిచి ఉండాలంటే ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

తల్లుల కథకు వేరే పుస్తకమే కావాలి. 2001లో కేప్‌టౌన్‌లో మొదలైన మదర్స్2మదర్స్ సంస్థ, వైరస్ ఉన్నా ఆరోగ్యమైన బిడ్డను కన్న తల్లులనే జీతమిచ్చి, కొత్తగా గర్భం దాల్చినవాళ్లకు సలహాదారులుగా పెట్టింది. 2011లో మలావీ, రోగనిరోధక శక్తిని కొలిచే సీడీ4 యంత్రాలు ఊరూరా లేవు కాబట్టి పాజిటివ్ అని తేలిన ప్రతి గర్భిణికీ జీవితాంతం మందులు ఇచ్చేద్దామని నిర్ణయించుకుంది. పేదరికంలోంచి పుట్టిన ఆ ఉపాయాన్ని తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ సిఫారసు చేసింది. అదే 2011లో తొమ్మిది దేశాల్లో 1,763 జంటల మీద జరిపిన పరీక్ష, మందు త్వరగా మొదలుపెడితే భాగస్వామికి వైరస్ సోకడం 96 శాతం తగ్గుతుందని తేల్చింది. ఆ పరీక్ష జరిగిన చోట్లలో చెన్నై ఒకటి. చికిత్సే నివారణ కూడా అని శాస్త్రం ఒప్పుకోవడానికి చికన్‌కాటా నాటి నుంచి దాదాపు పాతికేళ్లు పట్టింది.

ఆ తర్వాతి దశాబ్దం అంకెల్లో చెబితేనే తెలుస్తుంది. 2004 ప్రాంతంలో ఏటా 20 లక్షల మందికి పైగా ఎయిడ్స్‌తో పోయేవాళ్లు. 2023 నాటికి ఆ సంఖ్య ఆరున్నర లక్షల లోపుకు వచ్చింది. వైరస్‌తో బతుకుతున్న సుమారు 4 కోట్ల మందిలో 3 కోట్ల మందికి పైగా మందులు అందుతున్నాయి. 2017లో కొత్త తరం మందు డోలుటెగ్రావిర్ ఉన్న ఒకే మాత్రను అరబిందో, మైలాన్ కంపెనీలు ఏడాదికి 75 డాలర్లకు ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. కాంజ్‌లో మొదటి దారి వేసిన పాల్ ఫార్మర్ 2022 ఫిబ్రవరిలో రువాండాలోని బుటారోలో, తాను కట్టించిన ఆస్పత్రి ఆవరణలోనే నిద్రలో కన్నుమూశారు.

2025 జనవరిలో అమెరికా విదేశీ సహాయాన్ని ఒక్కసారిగా ఆపేసింది. పెప్‌ఫర్ జీతాల మీద నడిచే క్లినిక్‌లు మూతపడ్డాయి. కౌన్సెలర్లు, ఔట్‌రీచ్ వర్కర్లు ఇంటికి పోవాల్సి వచ్చింది. కొంత పనికి తర్వాత మినహాయింపులు వచ్చినా, తెగిన గొలుసు మునుపటిలా అతకలేదు. జూలైకల్లా అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడే లేకుండా పోయింది. తాము నిర్మించుకున్న దానిలో ఎంత భాగం పరాయి బడ్జెట్ మీద నిలిచి ఉందో ఆఫ్రికా దేశాలకు ఆ కొద్ది వారాల్లో తెలిసింది. నైజీరియా పార్లమెంటు తన ఆరోగ్య బడ్జెట్‌కు 20 కోట్ల డాలర్లు అదనంగా చేర్చింది. దక్షిణాఫ్రికా మందుల ఖర్చును అంతకుముందు నుంచే చాలావరకు తన ఖజానా నుంచే భరిస్తోంది, అందుకే అక్కడ మాత్రల కన్నా వాటిని పంచే మనుషుల కొరత ఎక్కువగా బాధించింది.

ఇదే సమయంలో నివారణలో ఇంతవరకూ లేని సాధనం చేతికొచ్చింది. ఆరు నెలలకోసారి తీసుకునే లెనకపవిర్ ఇంజెక్షన్‌ను దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో యువతుల మీద పరీక్షిస్తే, దాన్ని తీసుకున్న రెండు వేల పైచిలుకు మందిలో ఒక్కరికీ వైరస్ సోకలేదని 2024లో తేలింది. అమెరికాలో దాని ధర ఏడాదికి వేల డాలర్లు. 2025 సెప్టెంబరులో హైదరాబాద్‌కే చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో సంస్థలు రెండూ వేరువేరు ఒప్పందాల కింద దాన్ని మనిషికి ఏడాదికి దాదాపు 40 డాలర్లకు, 2027 నుంచి, 120 అల్పాదాయ, మధ్యాదాయ దేశాలకు అందిస్తామని ప్రకటించాయి. ధర తగ్గించే ఒప్పందం ఈసారి నివారణకు మందు వచ్చిన ఏడాదిలోనే కుదిరింది, 1996 తర్వాతలా ఏళ్ల తరబడి ఆగాల్సిన పని రాలేదు. ఆ సూదిని ఆరు నెలలకోసారి మరిచిపోకుండా వేయించే పీర్ ఎడ్యుకేటర్లకూ, నర్సులకూ జీతం ఇచ్చే బాధ్యతను ఇప్పుడు ఆయా దేశాల ఆర్థిక మంత్రులు తమ పద్దుల్లో రాసుకోవాల్సి ఉంది.